అరచేతిలో అక్షరం – హెలెన్ కెల్లర్ జీవితం, పోరాటం

హెలెన్ కెల్లర్ పేరు వినని హాస్టల్ విద్యార్థి ఉండడంటే అతిశయోక్తి కాదు. ఏదో ఒక తరగతిలో పాఠంగా చదివి ఉంటాం, లేదా వ్యాసరచన పోటీలో ఉదాహరణగా రాసి ఉంటాం. చూపు లేదు, వినికిడి లేదు, అయినా పట్టుదలతో చదువుకుని గొప్ప వ్యక్తి అయిందన్నది మనకు తెలిసిన కథ. ఆ కథ సాధారణంగా ఒక నీళ్ల పంపు దగ్గర ఆగిపోతుంది. ఆ పంపు కింద చేయి పెట్టిన రోజుకి హెలెన్‌కు ఇంకా ఏడేళ్లు నిండలేదు. ఆ తర్వాత ఆమె మరో ఎనభై ఏళ్లు బతికింది. ఆ ఎనభై ఏళ్లూ ఆమె ఏం చేసిందో మన పాఠాల్లో అంతగా కనిపించదు. అదృష్టం కొద్దీ తనకు దొరికిన భాష, చదువు, తోడు తనలాంటి మిగతా వాళ్లందరికీ హక్కుగా దొరకాలని ఆమె ఊరూరా తిరిగింది, రాసింది, ప్రభుత్వాలను అడిగింది. మన హాస్టల్ మిత్రులకు ఆ సంగతి చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

చూపూ వినికిడీ రెండూ లేకపోతే

చూపు లేనివారు విని నేర్చుకుంటారు. రేడియో వింటారు, పాఠం వింటారు, గొంతును బట్టి మనిషిని గుర్తుపడతారు. వినికిడి లేనివారు చూసి నేర్చుకుంటారు. సైగలు చూస్తారు, పెదవుల కదలిక చూస్తారు, పుస్తకం చదువుతారు. ఒకటి లేకపోతే రెండోది ఆదుకుంటుంది. రెండూ లేని మనిషికి ఈ రెండు దారులూ పనికిరావు. అందుకే బధిరాంధత్వాన్ని చెవుడు, గుడ్డితనం అనే రెండు వైకల్యాల కూడికగా చూడకూడదని, అది దానికదే ఒక ప్రత్యేక వైకల్యమని ఆ రంగంలో పనిచేసేవారు చెబుతారు. అంధుల బడిలో వేస్తే పాఠం వినబడదు. బధిరుల బడిలో వేస్తే సైగ కనబడదు. మిగిలేది స్పర్శ ఒక్కటే. ఆ స్పర్శతో మాట్లాడే మనిషి పక్కన లేకపోతే ఆ బిడ్డ నలుగురి మధ్య ఉండి కూడా ఒంటరే.

హెలెన్ అలాంటి బిడ్డ.

పుట్టుక – జబ్బు

హెలెన్ 1880 జూన్ 27న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో టస్కంబియా అనే చిన్న పట్టణంలో పుట్టింది. తండ్రి ఆర్థర్ కెల్లర్ ఒకప్పుడు దక్షిణ రాష్ట్రాల సైన్యంలో కెప్టెన్, తర్వాత పత్రికా సంపాదకుడు. తల్లి కేట్. పుట్టినప్పుడు బిడ్డకు ఏ లోపమూ లేదు. పందొమ్మిదో నెలలో తీవ్రమైన జ్వరం వచ్చింది. బిడ్డ బతకదనుకున్నారు. జ్వరం తగ్గింది, ఇంట్లో అందరూ సంతోషించారు. కానీ కొద్ది రోజులకే తల్లికి అసలు సంగతి తెలిసింది. కళ్ల ముందు చేయి ఊపినా పాప రెప్ప వేయడం లేదు. భోజనాల గంట మోగినా తల తిప్పడం లేదు.

అయినా హెలెన్ ఊరుకునే పిల్ల కాదు. తనే సొంతంగా సైగలు కల్పించుకుంది. రొట్టె కావాలంటే కత్తితో కోసినట్టు చేసేది. ఐస్‌క్రీమ్ కావాలంటే చలికి వణికినట్టు నటించేది. వంటమనిషి కూతురు మార్తాతో కలిసి ఆడుకునేది. ఆ అమ్మాయికి హెలెన్ సైగలన్నీ తెలుసు. ఏడేళ్లు వచ్చేసరికి అలాంటి సైగలు అరవై దాకా ఉండేవి. కానీ మనసులో ఉన్నది వెయ్యి అయితే చెప్పగలిగింది అరవై. అందుకే పట్టరాని కోపం వచ్చేది. తన్నేది, గిల్లేది, వస్తువులు పగలగొట్టేది. ఒకసారి తల్లిని సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది. చెల్లెలు పడుకున్న ఉయ్యాలను తిరగేసింది. ఈ పిల్లను ఎక్కడైనా సంస్థలో పడేయడం మంచిదని బంధువులు సలహా ఇచ్చారు. తల్లి ఒప్పుకోలేదు.

హెలెన్ కన్నా ముందు లారా

హెలెన్ కెల్లర్‌ను చదువుకున్న మొట్టమొదటి బధిరాంధురాలు అనుకుంటాం. అది నిజం కాదు. ఆమె పుట్టడానికి నలభై ఏళ్ల ముందే బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో లారా బ్రిడ్జ్‌మన్ అనే అమ్మాయి, డాక్టర్ శామ్యూల్ హోవ్ దగ్గర చదవడం, రాయడం నేర్చుకుంది. ఇంగ్లండ్ రచయిత చార్లెస్ డికెన్స్ అమెరికా వచ్చినప్పుడు లారాను చూసి తన యాత్రా గ్రంథంలో ఆమె గురించి రాశాడు. ఆ పుస్తకం హెలెన్ తల్లి కేట్ చదివింది. లారాకు చదువు చెప్పగలిగినప్పుడు నా బిడ్డకు ఎందుకు చెప్పలేరన్న ఆశ అక్కడ పుట్టింది.

1886లో తండ్రి హెలెన్‌ను బాల్టిమోర్‌లోని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. చూపు రాదని ఆయన చెప్పాడు గానీ, వాషింగ్టన్‌లో అలెగ్జాండర్ గ్రాహం బెల్‌ను కలవమన్నాడు. టెలిఫోన్ కనిపెట్టిన బెల్ బధిరుల చదువు కోసం కూడా పనిచేసేవాడు. బెల్ పెర్కిన్స్ పాఠశాలకు రాయమన్నాడు. ఆ పాఠశాల డైరెక్టర్ మైకేల్ అనాగ్నోస్ తన దగ్గర చదువు పూర్తిచేసిన ఒక అమ్మాయిని పంపాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. పుస్తకం చదివే తల్లి, రైలెక్కి పెద్ద పెద్ద డాక్టర్ల దగ్గరికి వెళ్లగల తండ్రి, జీతం ఇచ్చి ఇంట్లోనే టీచర్‌ను పెట్టుకోగల స్తోమత ఉన్నాయి గనుకనే హెలెన్‌కు టీచర్ దొరికింది. అదే కాలంలో కూలి చేసుకునే ఇంట్లో అలాంటి బిడ్డ పుట్టి ఉంటే ఎవరికి తెలిసేది?

అనాథాశ్రమం నుంచి వచ్చిన టీచర్

టీచర్ పేరు ఆన్ సలివాన్. మన హాస్టల్ పిల్లలు ముఖ్యంగా తెలుసుకోవలసిన జీవితం ఆమెది.

ఆన్ 1866లో మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన నిరుపేద కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే ట్రకోమా అనే కంటి జబ్బుతో చూపు చాలా వరకు పోయింది. ఎనిమిదేళ్లకు తల్లి చనిపోయింది. తండ్రి పిల్లలను వదిలేశాడు. పదేళ్లయినా నిండకముందే ఆన్‌నూ తమ్ముడు జిమ్మీనీ ట్యూక్స్‌బరీ అనే చోట ప్రభుత్వం నడిపే పేదల ఆశ్రమంలో చేర్చారు. అక్కడ రోగులు, ముసలివాళ్లు, మతి చలించినవాళ్లు, పిల్లలు అందరూ కలిసే ఉండేవారు. కొద్ది నెలల్లోనే జిమ్మీ చనిపోయాడు. ఆన్ ఒక్కతే మిగిలింది.

అంధులకు ప్రత్యేకంగా బడి ఉంటుందని అక్కడే ఎవరో చెబితే విన్నది. 1880లో ఆ ఆశ్రమం పరిస్థితి చూడటానికి రాష్ట్ర అధికారులు తనిఖీకి వచ్చారు. వాళ్ల వెంట వార్డు వార్డుకూ నడిచి, చివరికి ధైర్యం చేసి ఆ పెద్దమనుషుల మధ్యకు వెళ్లి తనకు బడికి వెళ్లాలని ఉందని అడిగింది. అధికారి పేరు ఫ్రాంక్ శాన్‌బర్న్. ఆ అడగడంతోనే ఆమె తలరాత మారింది. పద్నాలుగేళ్ల వయసులో పెర్కిన్స్ బడిలో చేరినప్పుడు ఆమెకు తన పేరు రాయడం కూడా రాదు. తోటి పిల్లలు ఎగతాళి చేశారు. కంటి ఆపరేషన్లతో కొంత చూపు తిరిగి వచ్చింది. ఆరేళ్లలో, 1886లో, తరగతిలో మొదటి స్థానంలో నిలిచి చదువు ముగించింది. ఆ బడిలోనే ఉంటున్న లారా బ్రిడ్జ్‌మన్‌తో మాట్లాడటానికి చేతివేళ్ల అక్షరాలు నేర్చుకుంది. ఆ విద్యే తర్వాత హెలెన్‌కు ఉపయోగపడింది.

తనిఖీకి వచ్చిన అధికారి ముందు నోరు తెరిచి అడగడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఆ రోజు ఆన్ అడగకపోతే హెలెన్ కెల్లర్ అనే పేరు ప్రపంచానికి తెలిసేది కాదేమో.

నీళ్ల పంపు

1887 మార్చి 3న ఆన్ టస్కంబియా చేరారు. అప్పటికి ఆమె వయసు 20 ఏళ్లు. పెర్కిన్స్ పిల్లలు పంపిన బొమ్మను హెలెన్ చేతికిచ్చి, అరచేతిలో బొమ్మ అనే మాటను వేళ్లతో రాశారు. ఈ పద్ధతిలో ఒక్కో అక్షరానికి వేళ్లను ఒక్కో రకంగా పెడతారు. ఎదుటివాళ్ల అరచేతిలో ఆ ఆకారాలు ఒకదాని తర్వాత ఒకటి పెడుతూ పోతే మాట అవుతుంది. హెలెన్ వెంటనే అనుకరించింది. కానీ అది ఆట అనుకుంది. వస్తువుకు పేరు ఉంటుందన్న సంగతే ఆ పాపకు తెలియదు.

మొదటి రోజులన్నీ కుస్తీలే. హెలెన్ అందరి పళ్లేల్లోనూ చేయి పెట్టి తినేది. జాలితో ఎవరూ ఏమీ అనేవారు కాదు. టీచర్ ఒప్పుకోలేదు. చెంచాతో తినాలని, రుమాలు మడవాలని పట్టుబట్టారు. పెనుగులాటలో టీచర్ పన్ను కూడా ఊడింది. ఇంటివాళ్ల గారాబం అడ్డు వస్తోందని దగ్గరలోనే ఉన్న చిన్న ఇంట్లో ఇద్దరూ కొద్ది రోజులు విడిగా ఉన్నారు.

1887 ఏప్రిల్ 5న పంపు దగ్గర హెలెన్ ఒక చేతి మీద నీళ్లు పడుతుంటే, రెండో చేతిలో నీరు అనే మాటను టీచర్ మళ్లీ మళ్లీ రాశారు. అప్పుడు పాపకు అర్థమైంది. చల్లగా జారేదానికి ఒక పేరు ఉంది, అలాగే అన్నిటికీ పేర్లు ఉన్నాయి. నేలను తట్టి దాని పేరు అడిగింది. పంపును తట్టి దాని పేరు అడిగింది. టీచర్‌ను తట్టి ఆమె పేరు అడిగింది. ఆ రోజు చీకటి పడేలోపు ముప్ఫై మాటలు నేర్చుకుంది. ఆ రోజు నుంచి జీవితాంతం ఆన్‌ను టీచర్ అనే పిలిచింది.

కాలేజీ చదువు

తర్వాత హెలెన్ బ్రెయిలీ చదవడం, టైప్‌రైటర్ మీద రాయడం నేర్చుకుంది. ఎదుటివారి గొంతు మీద, పెదవుల మీద, ముక్కు మీద వేళ్లు పెట్టి మాటను గ్రహించేది. 1890 నుంచి నోటితో మాట్లాడటం సాధన చేసింది గానీ, ఎంత శ్రమపడినా కొత్తవారికి ఆ మాట స్పష్టంగా అర్థమయ్యేది కాదు. ఈ లోటు ఆమెను చివరిదాకా బాధించింది.

కష్టాలు తక్కువేమీ కాదు. హెలెన్ పదకొండేళ్ల వయసులో రాసిన ఒక చిన్న కథ అంతకుముందు అచ్చయిన వేరొకరి కథలాగా ఉందని తేలింది. ఎప్పుడో అరచేతిలో చదివించుకున్న కథ మనసులో ఉండిపోయి, తన సొంతమనుకుని రాసింది. ఆ పసిపిల్లను టీచర్ల సంఘం ముందు కూర్చోబెట్టి విచారించారు. ఆన్‌ను గది బయటికి పంపేశారు. ఆ తర్వాత ఏం రాసినా ఇది నా మాటేనా అన్న భయం ఆమెను చాలాకాలం వెంటాడింది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఆడపిల్లల కోసం ఉన్న ర్యాడ్‌క్లిఫ్ కాలేజీలో చేరాలని హెలెన్ పట్టుబట్టింది. 1899 ప్రవేశ పరీక్షలో గణితం పేపర్‌ను బ్రెయిలీలోకి మార్చి ఇచ్చారు. కానీ అప్పట్లో బ్రెయిలీ ఒక్కటే రకం కాదు. ఆమె నేర్చుకున్న గుర్తులు వేరు, పేపర్‌లో వాడబోయే గుర్తులు వేరు అని పరీక్షకు రెండు రోజుల ముందు తెలిసింది. రాత్రికి రాత్రి కొత్త గుర్తులు నేర్చుకుని రాసి గట్టెక్కింది. పాఠం రాకపోవడం ఒక సమస్య, ప్రశ్నపత్రం చదవగలిగే లిపిలో లేకపోవడం వేరే సమస్య. రెండో తప్పు విద్యార్థిది కాదు.

1900లో కాలేజీలో చేరింది. క్లాసులో పక్కనే కూర్చుని టీచర్ ప్రతి మాటనూ అరచేతిలో రాసేవారు. బ్రెయిలీలో లేని పుస్తకాలన్నీ అలాగే చదివి వినిపించేవారు. ఆ చదువుతో ఆన్ కళ్లు మళ్లీ పాడయ్యాయి. మార్క్ ట్వేన్ చొరవతో హెన్రీ రోజర్స్ అనే ధనవంతుడు చదువు ఖర్చు భరించాడు. 1903లో హెలెన్ ఆత్మకథ పుస్తకంగా వచ్చింది. 1904లో ఆమె ఆనర్స్‌తో బి.ఏ. పూర్తి చేసింది. ప్రపంచంలో ఆ డిగ్రీ అందుకున్న మొదటి బధిరాంధ వ్యక్తి ఆమే. పక్కన కూర్చుని ప్రతి పాఠమూ చదివిన ఆన్‌కు మాత్రం డిగ్రీ లేదు.

అంధత్వానికి కారణం ఎక్కడుంది?

చదువు పూర్తయ్యాక హెలెన్ హాయిగా ఇంట్లో కూర్చుని పుస్తకాలు రాసుకోవచ్చు. అలా చేయలేదు. అసలు జనానికి చూపు ఎందుకు పోతోందని వెతకడం మొదలుపెట్టారు. అప్పట్లో ఎందరో శిశువులు పుట్టిన వెంటనే కంటికి సోకే ఇన్‌ఫెక్షన్‌తో గుడ్డివారవుతున్నారు. పుట్టగానే కంట్లో ఒక మందు చుక్క వేస్తే దాన్ని ఆపవచ్చు. కానీ ఆ ఇన్‌ఫెక్షన్ తల్లిదండ్రుల సుఖవ్యాధి నుంచి కూడా వస్తుంది గనుక, ఆ మాట పైకి చెప్పడానికి అందరూ సిగ్గుపడేవారు. 1907లో హెలెన్ లక్షల మంది ఆడవాళ్లు చదివే ఒక పత్రికలో ఆ సంగతి బాహాటంగా రాశారు. గౌరవ కుటుంబాల స్త్రీలు ఎత్తకూడదనుకునే విషయం అది.

ఫ్యాక్టరీ ప్రమాదాల్లో చూపు పోయినవారి గురించి తెలుసుకున్నారు. మురికివాడలకు వెళ్లారు. పేదరికం ఉన్నచోటే అంధత్వం ఎక్కువగా ఉందని గ్రహించి 1909లో సోషలిస్టు పార్టీలో చేరారు. అంతవరకు ఆమెను ఆకాశానికెత్తిన పత్రికలు ఒక్కసారిగా మాట మార్చాయి. చూపూ వినికిడీ లేని మనిషికి రాజకీయాలు ఏం తెలుస్తాయని బ్రూక్లిన్ పత్రిక ఒకటి రాసింది. మెచ్చుకున్నన్నాళ్లూ గుర్తుకు రాని వైకల్యం, ఎదురు మాట్లాడగానే గుర్తుకొచ్చిందన్నమాట!

ఆమె వెనక్కి తగ్గలేదు. స్త్రీల ఓటు హక్కు కోసం, కార్మికుల కోసం మాట్లాడారు. ఆమె పుట్టింది ఒకప్పుడు బానిసలను ఉంచుకున్న కుటుంబంలో. అలాంటి ఇంటి బిడ్డ 1916లో నల్లజాతివారి హక్కుల సంఘానికి చందా పంపి, తన సొంత రాష్ట్రంలో జరుగుతున్న అన్యాయానికి సిగ్గుపడుతున్నానని రాశారు. అలబామాలో చాలామందికి కోపం వచ్చింది. 1920లో పౌరహక్కుల కోసం అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ ఏర్పడినప్పుడు స్థాపకుల్లో ఆమె ఒకరు. 1933లో జర్మనీలో నాజీలు తగలబెట్టిన పుస్తకాల్లో ఆమె రచన కూడా ఉంది.

అన్నీ మెచ్చుకోదగినవే కావు. 1915లో తీవ్రమైన లోపాలతో పుట్టిన ఒక శిశువుకు ఆపరేషన్ చేయకుండా చనిపోనిచ్చిన డాక్టర్‌ను ఆమె సమర్థిస్తూ రాశారు. అప్పటి చదువుకున్నవాళ్లలో ప్రబలంగా ఉన్న ఆలోచన ఆమెనూ పట్టుకుంది. వికలాంగుల హక్కుల కార్యకర్తలు దాన్ని ఇప్పటికీ విమర్శిస్తారు, ఆ విమర్శ న్యాయమైనదే. మహనీయుల జీవితం చదివేటప్పుడు ఇలాంటివి దాచనక్కర్లేదు.

ఆమె సొంత జీవితంలోనూ హక్కు దక్కనిచోటు ఉంది. 1916లో కార్యదర్శిగా పనిచేస్తున్న పీటర్ ఫేగన్‌తో పెళ్లి చేసుకోవాలనుకున్నారు. అప్పటికి ఆమెకు 36 ఏళ్లు. తల్లి ఒప్పుకోలేదు. ఇంటివాళ్లంతా కలిసి ఆ సంబంధాన్ని ఆపేశారు. ప్రపంచమంతా మేధావిగా గౌరవించిన స్త్రీకి తన పెళ్లి తను నిర్ణయించుకునే అవకాశం లేకపోయింది.

అందరికీ దక్కాలని

1920 నుంచి కొన్నేళ్లు బతుకుతెరువు కోసం హెలెన్, ఆన్ నాటకశాలల్లో ప్రదర్శనలు కూడా ఇచ్చారు. 1924 నుంచి అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ సంస్థ తరఫున పనిచేశారు. 1925లో ఒహాయో రాష్ట్రంలో జరిగిన లయన్స్ క్లబ్ మహాసభలో అంధుల పక్షాన నిలబడమని కోరారు. మన పట్టణాల్లో లయన్స్ క్లబ్‌వాళ్లు పెట్టే కంటి శిబిరాలు మనందరికీ తెలుసు. ఆ సంస్థ కంటి సేవను ముఖ్యమైన పనిగా తీసుకోవడానికి ఆమె పిలుపే కారణం.

తనను పరీక్షలో ఇబ్బంది పెట్టిన లిపి సమస్యను ఆమె మరచిపోలేదు. ఇంగ్లిష్ చదివే అంధులందరికీ ఒకే బ్రెయిలీ ఉండాలని ఏళ్ల తరబడి వాదించారు. 1932లో అమెరికా, బ్రిటన్ ఒకే లిపికి ఒప్పుకున్నాయి. 1935లో అమెరికా సామాజిక భద్రతా చట్టం వచ్చినప్పుడు అందులో పేద అంధులకు సహాయం చేర్చాలని కోరినవారిలో ఆమె ఉన్నారు.

1936 అక్టోబర్ 20న టీచర్ కన్నుమూశారు. 49 ఏళ్ల తోడు పోయింది. ఇక హెలెన్ పని అయిపోయిందనుకున్నారు చాలామంది. 1914 నుంచి వాళ్లతో ఉన్న పాలీ థామ్సన్ అరచేతిలో రాస్తూ తోడు నిలిచారు. హెలెన్ పని ఆగలేదు.

1944లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు హెలెన్ హాజరై సాక్ష్యం చెప్పారు. అంధుల్లోనే అందరికన్నా ఎక్కువ కష్టపడుతున్న రెండు వర్గాలను ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఒకరు చూపుతో పాటు వినికిడి కూడా లేనివారు. రెండోవారు నల్లజాతి అంధులు. మొదటివారు ఏ సంస్థకూ పూర్తిగా చెందరు, రెండోవారిని రంగు కారణంగా దూరం పెడతారు. వైకల్యం ఒకటే అయినా, పుట్టిన వర్గాన్ని బట్టి కష్టం రెట్టింపవుతుందన్న సత్యాన్ని ఆమె చట్టసభ ముందు పెట్టారు. ఈ మాట మనలాంటివారికి వేరే వివరించనక్కర్లేదు. 1940ల మధ్యలోనే ఆమె పనిచేసే ఫౌండేషన్‌లో బధిరాంధుల కోసం ప్రత్యేక విభాగం ఏర్పడింది.

తను గొప్ప అద్భుతాన్నని ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. పట్టుదల ఉంటే ఎవరైనా ఏదైనా సాధించవచ్చని మొదట్లో తనూ నమ్మానని, దేశమంతా తిరిగి పేదలను చూశాక తన విజయంలో కొంత భాగం పుట్టిన ఇంటిదీ దొరికిన అవకాశాలదీ అని తెలిసిందని ఆమె రాసుకున్నారు. నేను మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని. ఊళ్లో అందరూ నా తెలివి అంటారు. నాతో పాటు ఐదో తరగతి చదివిన వాళ్లలో నాకన్నా తెలివైనవాళ్లు ఉన్నారు. తేడా అల్లా హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్పు, రాత్రిపూట లెక్కలు చెప్పిన ఒక సీనియర్ అన్న. అందుకే హెలెన్ రాసిన ఆ సంగతి చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు.

భారతదేశంలో హెలెన్

1946 తర్వాత పదకొండేళ్లలో ఆమె ఐదు ఖండాల్లో 35 దేశాలు తిరిగారు. 1948లో అణుబాంబు పడిన హిరోషిమా, నాగసాకి చూశారు. 1952లో పారిస్‌లో లూయీ బ్రెయిలీ శతవర్ధంతి సభలో పాల్గొన్నారు. 1955లో, 74 ఏళ్ల వయసులో, పాలీతో కలిసి ఆసియా పర్యటనలో భాగంగా మన దేశానికి వచ్చారు. ఢిల్లీలో ప్రధాని నెహ్రూను కలిసి, వేళ్లతో ఆయన ముఖాన్ని తాకి తెలుసుకున్నారు. ఆ ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది.

1964లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆమెకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రకటించారు. 1968 జూన్ 1న, మరి కొద్ది రోజుల్లో 88 ఏళ్లు నిండుతాయనగా, నిద్రలోనే కన్నుమూశారు. వాషింగ్టన్ నేషనల్ కెథడ్రల్‌లో ఆన్, పాలీల చితాభస్మం పక్కనే ఆమెదీ ఉంచారు.

ఆమె తర్వాత

1964, 65లో అమెరికాలో రుబెల్లా వ్యాపించింది. గర్భిణులకు ఆ జబ్బు సోకడంతో సుమారు 20 వేల మంది శిశువులు రకరకాల లోపాలతో పుట్టారు. వాళ్లలో చూపు, వినికిడి రెండూ దెబ్బతిన్నవారు ఎందరో. ఆ ఒత్తిడితో 1967లో బధిరాంధుల కోసం జాతీయ కేంద్రం ఏర్పాటుకు చట్టం చేశారు. 1969లో మొదలైన ఆ కేంద్రానికి తర్వాత హెలెన్ కెల్లర్ పేరే పెట్టారు. 1977లో న్యూయార్క్‌లో జరిగిన హెలెన్ కెల్లర్ ప్రపంచ సదస్సు బధిరాంధుల హక్కుల ప్రకటనను ఆమోదించింది. 2001లో బధిరాంధులు స్వయంగా తమ ప్రపంచ సమాఖ్యను స్థాపించుకున్నారు. ప్రపంచ జనాభాలో 0.2 శాతం మందికి తీవ్రమైన బధిరాంధత్వం ఉంటుందని ఆ సమాఖ్య 2018లో అంచనా వేసింది. 2025లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ హెలెన్ పుట్టినరోజైన జూన్ 27ను అంతర్జాతీయ బధిరాంధత్వ దినంగా ప్రకటించింది.

మన దేశంలో బధిరాంధుల కోసం మొదటి పాఠశాల 1977లో ముంబయిలో ఆమె పేరుతోనే మొదలైంది. కానీ చట్టం గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలు ఉన్నాయి, వాటిలో బధిరాంధత్వం పేరు లేదు. 2016 చట్టం 21 వైకల్యాలను గుర్తించి, బహుళ వైకల్యాల కింద బధిరాంధత్వాన్ని పేరుపెట్టి చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతానికి, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల సీట్లలో 5 శాతానికి తగ్గకుండా వికలాంగులకు రిజర్వేషన్ ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. అందులో బధిరాంధులకూ వాటా ఉంది.

2017 ఆగస్టులో మన రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లో తట్టు, రుబెల్లా టీకా వేశారు. ఆనాడు భుజం పట్టుకుని ఏడ్చినవాళ్లు మనలో చాలామంది ఉంటారు. రేపు పుట్టబోయే బిడ్డల చూపునూ వినికిడినీ కాపాడే టీకా అది. అలాగే కొన్ని రకాల బధిరాంధత్వం వంశపారంపర్యంగా వస్తుంది. మేనరికం పెళ్లిళ్లలో ఆ ప్రమాదం ఎక్కువ. ఇవి మన ఇళ్లలో చెప్పవలసిన మాటలు.

మిత్రులారా! సెలవులకు ఊరెళ్లినప్పుడు చూడండి. ఏ ఇంట్లోనైనా చూడలేని, వినలేని బిడ్డను ఒక మూల కూర్చోబెట్టి, పూర్వజన్మ కర్మ అని సరిపెట్టుకుంటున్నారేమో గమనించండి. ఆ తల్లిదండ్రులకు 2016 చట్టం గురించి చెప్పండి. వికలాంగుల ధ్రువపత్రానికి దరఖాస్తు రాసిపెట్టండి. ఆ బిడ్డకు మతి లేదని ఎవరైనా అంటే, ఏడేళ్ల వరకు హెలెన్‌ను కూడా అలాగే అన్నారని గుర్తుచేయండి. మీకు వీలైతే ఆ బిడ్డ చేయి పట్టుకుని పక్కన కూర్చోండి. తాకి చూపించిన వస్తువు పేరునైనా, ఒక సైగనైనా నేర్పండి.

మనకు హాస్టల్ సీటు ఎవరి దయ వల్లా రాలేదు. ఎందరో అడిగితే, పోరాడితే వచ్చిన హక్కు అది. ట్యూక్స్‌బరీలో ఒక పేదపిల్ల తన కోసం అడిగింది. ఆ పిల్ల చదువు చెప్పిన హెలెన్ కెల్లర్ తనలాంటి అందరి కోసం అడిగారు. చదువుకున్న మనం, అడగడానికి ఇంకా మాట దొరకనివారి పక్షాన అడుగుదాం.